కీళ్లలో నొప్పి, పేగుల్లో జాడ

ఫజ్ర్ వేళ వుజూ కోసం వెళ్లిన అమ్మీ కుళాయి తిప్పలేక నిలబడిపోయిన ఉదయం మా ముగ్గురు అక్కచెల్లెళ్లకూ ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. నిద్ర లేచాక గంటకు పైగా ఆమె వేళ్లు బిగుసుకుపోయి ఉండేవి. సజ్దాకు మోకాళ్లు సహకరించక కుర్చీపై నమాజు మొదలయింది. వయసుతో వచ్చే అరుగుదలేనని భావించాము. పరీక్షించిన డాక్టరు గారు అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే దారితప్పి కీళ్ల పొరలపై దాడి చేసే వ్యాధి అది. వారానికి ఒక్క రోజు మాత్రమే వేసుకోవలసిన మెథోట్రెక్సేట్ మాత్రలు రాసిచ్చారు. నాలుగు నెలలకు వాపులు తగ్గాయి.

అప్పుడే మేము పొరపాటు చేశాము. ఈ వ్యాధి మూలం పేగుల్లోని సూక్ష్మజీవులలో ఉందని, కడుపును శుద్ధి చేస్తే మాత్రలతో పనిలేదని ఒక బంధువు నమ్మకంగా చెప్పారు. మాత్రలు ఆపించి ఖరీదైన పొడులు తెప్పించాము. నొప్పి తిరగబెడితే, శుద్ధి జరుగుతున్నదని సరిపెట్టుకున్నాము. ఐదు నెలలు గడిచాక తిరిగి డాక్టరు వద్దకు వెళ్లేసరికి అమ్మీ ఎడమ మణికట్టు దెబ్బతిన్నది.

ఆయన మమ్మల్ని కోప్పడలేదు. మేము విన్నది పూర్తిగా అబద్ధం కాదన్నారు. వెన్నెముక కీళ్లవాతంతో సంబంధమున్న హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యువును ఎలుకలలో ప్రవేశపెట్టిన శాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవులే లేని వాతావరణంలో పెంచిన ఎలుకలకు కీళ్లవాపు రాలేదని 1994లో వెల్లడించారు. 2013లో న్యూయార్క్ పరిశోధకులు, అప్పుడే రుమటాయిడ్ వ్యాధి బయటపడి ఇంకా మందులు మొదలుపెట్టని 44 మందిలో 33 మంది పేగుల్లో ప్రీవోటెల్లా కోప్రి అనే బ్యాక్టీరియాను గుర్తించారు. అయితే 28 మంది ఆరోగ్యవంతులలోనూ 6 గురికి అది ఉంది. ధాన్యాలు, పప్పులు ఎక్కువగా తినే మన వంటి వారిలో ప్రీవోటెల్లా జాతి సర్వసాధారణం. జాడ దొరికినంత మాత్రాన దోషి దొరికినట్లు కాదని మాకు అప్పుడు అర్థమయింది.

ఆయన మెథోట్రెక్సేట్‌తో పాటు సల్ఫాసలజీన్ కూడా ఇచ్చారు. స్వీడన్ వైద్యురాలు నానా స్వార్ట్జ్ కీళ్లవాతం కోసమే రూపొందించిన పాత మందు అది. మింగిన మాత్ర పెద్దపేగుకు చేరాక, అక్కడి బ్యాక్టీరియాయే దానిని రెండు భాగాలుగా విడగొడుతుందట. మేము ఏ జీవులను కడిగివేయాలని తొందరపడ్డామో, అవే అమ్మీ మందుకు పని కల్పిస్తున్నాయి!

అల్‌హందులిల్లాహ్, ఇప్పుడు అమ్మీ కుళాయి తనే తిప్పుకుంటున్నారు. మణికట్టు మాత్రం పూర్తిగా వంగదు. "మీరు నా మేలు కోరే చేశారు, బేటా" అంటారామె. ఆ మాట మాకు ఓదార్పు కాలేదు. మేలు కోరడం వేరు, మేలు చేయడం వేరు.

ఇప్పుడు మా ఇంట్లో ఆకుకూరలు, పెరుగు, పప్పు తప్పనిసరి. అవి భోజనమే తప్ప మందుకు బదులు కాదు. రమజాన్ రాకముందే మాత్రల వేళలను డాక్టరుతో మాట్లాడుకుంటున్నాము. దువా చేస్తూనే వైద్యం చేయించుకోవడం మన ధర్మం. ఎవరైనా కొత్త మాట చెబితే వింటాము. మాత్ర ఆపే ముందు మాత్రం డాక్టరునే అడుగుతాము.