ఏదీ, ఒక పాట పాడు!

మన పెద్దవాళ్ళకి పిల్లలతో మాట్లాడటం రాదు. ఇంటికి వచ్చిన చుట్టం కుర్రవాణ్ణి చూడగానే "ఏ క్లాసురా?" అంటాడు. తరవాత "మార్కులెన్ని?" అంటాడు. ఆ రెండూ అయిపోయాక యింకేమీ తోచక "ఏదీ, ఒక పాట పాడు" అంటాడు. కుర్రవాడు తల్లి కొంగు చాటుకి పోతాడు. "మావాడికి సిగ్గండీ" అని తల్లి సర్దుకుంటుంది. అది సిగ్గు కాదు. మూడో పరీక్ష కూడా పెట్టారని భయం.

పిల్లలచేత పాడించటం వేరు, పిల్లల్ని పాడుకోనివ్వటం వేరు. ఈ భేదం బాగా తెలిసిన దంపతులు మనలో వుండేవారు: న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు. మద్రాసు రేడియోలో తెలుగు ప్రసారాలు 1938లో మొదలైనాయి. ఆ రేడియోలో పిల్లల్ని చుట్టూ చేర్చుకుని ఆయన రేడియో అన్నయ్య అయినారు, ఆవిడ రేడియో అక్కయ్య అయినారు. మొగుడూ పెళ్ళామూ అన్నయ్యా అక్కయ్యా ఎట్లా అవుతారని పెద్దవాళ్ళు తర్కించుకుని వుండవచ్చు గాని, పిల్లలకి ఆ చిక్కే రాలేదు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. 1945లో "బాల" పత్రిక ప్రారంభించి 1959 దాకా నడిపారు. ముళ్ళపూడి వెంకటరమణ రాతా, బాపు గీతా చిన్నతనంలోనే అచ్చులో కనిపించింది ఆ పత్రికలోనే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ దంపతుల కృషి హైదరాబాదులో సాగింది.

మా అమ్మ ఆ రేడియో తరం మనిషి. "వాళ్ళు పాడినవన్నీ గొప్ప పాటలేం కావురా. ఒకడు శ్రుతి తప్పేవాడు, ఒకతి మధ్యలో నవ్వేసేది. అందుకే మేమూ పాడగలం అనిపించేది" అంటుంది. పాతికేళ్ళుగా తెలుగు చదువుతూ, చెబుతూ వున్న నాకు బాలసాహిత్యం గురించి యింతకన్నా మంచి మాట యే గ్రంథంలోనూ దొరకలేదు.

ఆ మాట పట్టుకునే నేను యారాడ వెళ్ళటం మొదలుపెట్టాను. మూడు వేపులా కొండలు, నాలుగోవేపు సముద్రం. విశాఖపట్నం రేవూ, ఓడలూ, ఆ సందడీ అంతా డాల్ఫిన్ నోస్ కొండకి అవతల. సింధియా మీదుగా కొండ ఎక్కి దిగితే కొబ్బరిచెట్లూ వూరూ కనిపిస్తాయి. ఆదివారం పట్నంవాళ్ళు ఇసకలో ఫోటోలు తీసుకుని సాయంత్రానికి వెళ్ళిపోతారు. వాళ్ళు చూడని యారాడ ఒకటుంది. అక్కడి పిల్లలు ఇసకమీద పుల్లతో బోటు గీస్తారు. ఏ బోటు ఎవరిదో గీతనిబట్టి చెప్పేస్తారు. మేం కొందరం కలిసి వాళ్ళతో కథలు చెప్పించటం, బొమ్మలు వేయించటం, చిన్న నాటకాలు ఆడించటం చేస్తున్నాము.

వాళ్ళలో ఒక పదేళ్ళవాడు యెవరినైనా రెండు నిమిషాలు చూస్తే చాలు, అచ్చంగా వాళ్ళలా నడిచి చూపిస్తాడు. వాడు హఠాత్తుగా మానేశాడు. తండ్రిని అడిగితే వల బాగుచేస్తూ తల ఎత్తకుండానే అన్నాడు:

"మాస్టారూ, మీరు మంచోరే. కానీ ఈ ఆటలూ పాటలూ మా గుంటడికి కూడెడతాయేటి? ఆదివారం టూసినుకి ఎల్తే రేపు ఉజ్జోగమైనా వొస్తాది."

ఇది తీసివేయదగ్గ ప్రశ్న కాదు. నెలకి జీతం అందుకునే నాబోటివాడు కళ గొప్పదని చెప్పటం సులువే. సముద్రంమీద ప్రాణం పెట్టి బతికేవాడు కొడుకు ఒడ్డున బతకాలని కోరుకుంటే తప్పేముంది? బాపూ రమణల పేర్లు చెబుదామనుకుని వూరుకున్నాను. "బాల" చదివిన పిల్లలందరూ బాపూ రమణలు కాలేదు కదా! ట్యూషను కాలానికి అడ్డం రాకుండా సాయంత్రం ఆడుకుంటామని మాత్రం చెప్పాను.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. ఆ రెండు నెలలూ తండ్రులు ఒడ్డునే వుంటారు. ఆ రోజుల్లో పిల్లలు వేట మీద నాటకం కట్టారు. మాటలు వాళ్ళవే, యాస వాళ్ళదే. మావాడు తండ్రి వేషం వేసి వల లాగుతున్నాడు. జనంలోంచి ఆ తండ్రే లేచాడు. కోప్పడతాడేమో అనుకున్నాను.

"అలాక్కాదురా! గాలి ఇటు తోస్తంటే కాలు అటు దన్నాల!" అంటూ వచ్చి తాడు అందుకున్నాడు. తాడు లాగితే పదం రాకుండా వుంటుందా? ఆయన ఎత్తుకున్నాడు, మిగతా తండ్రులు అందుకున్నారు. నాటకం ఎక్కడ ముగియాలో అక్కడ ముగియలేదు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆయన తన ప్రశ్న వెనక్కి తీసుకోలేదు. నేనూ జవాబు చెప్పలేదు. కుర్రవాడు మాత్రం ట్యూషనుకీ వెళుతున్నాడు, నాటకానికీ వస్తున్నాడు. తన తండ్రికి తెలిసింది ఒక విద్య అని వాడికి తెలిసింది. అది ట్యూషనులో చెప్పరు.

అన్నయ్యా అక్కయ్యా కన్నుమూసి నలభై యేళ్ళు దాటింది. వాళ్ళకి రేడియో వుండేది. మనకి లేదని విచారించనక్కరలేదు. ప్రతి వూళ్ళోనూ బడి వుంటుంది, ఆదివారం దానికి తాళం వేసి వుంటుంది. ఆ తాళంచెవి ఎవరి దగ్గర వుందో కనుక్కుని అడిగి తీసుకోండి. మిగతాది పిల్లలే చూసుకుంటారు.