20 రూపాయల ఘోడా

మొన్న జుమ్మా నమాజ్ చదివి ఇంటికొచ్చిన. దస్తర్‌ఖాన్ పరిచి అందరం కూసున్నం గానీ మా చిన్నోడు టీవీ ముందు నుంచి లేస్తలేడు. 'అబ్బా, ఘోడా పక్డా!' అని ఒకటే ఖుషీ. వాళ్ల మామూ జెద్దా నుంచి తెచ్చిన నింటెండో స్విచ్‌ల జెల్డా ఆట. 2017ల వచ్చిన 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' అట.

అడవి గుర్రాన్ని ఎనక నుంచి చప్పుడు లేకుండ పోయి పట్టాలె, ఎక్కి బుజ్జగించాలె. అస్తబల్‌కు తోలుకపోయి 20 రూపాయలిస్తే అది నీ పేరు మీద రాస్తరు. రూపాయలే! ఆ ఆటల పైసల పేరే రూపీ. జీను, లగాం అస్తబలోళ్లే ఇస్తరు. ఐదు గుర్రాల దాక పెట్టుకోవచ్చు. ఓ ఆపిల్ తినిపిస్తే మొహబ్బత్ పెరుగుతది. నెలరోజులు దాని ముఖం చూడకున్నా ఉపాసం ఉండదు, నాల్ అరగదు.

'20 రూపాయలకు జీను కూడానా!' అన్న. అమ్మీ ఉంటే నవ్వేది. మా గుర్రం కోసం ఆమె వెండి కడాలు రహన్‌కు పోయినయి.

అబ్బాది మహబూబ్‌నగర్ టేషన్ నుంచి క్లాక్ టవర్ దాక తాంగా. ముసలి గుర్రం కుంటువడితే నాందేడ్ జిల్లా మాలేగావ్ జాతరకు పోయిండు. ఖండోబా పేరు మీద అయ్యే ఆ జాతరల గుర్రాల బజారు పెద్దది. పోయేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు గుర్రంతోని కాలినడక, తొమ్మిది దినాలు. గుర్రాన్ని కొనుడు ఎట్లనో నాకు కథలెక్క చెప్పేటోడు. పెదవి లేపి పళ్లు చూడాలె, ఐదేండ్లకు పాలపళ్లన్ని పోతయి. డెక్క ఎత్తి వాసన చూడాలె. నాలుగడుగులు ఉరికించి ఊపిరి వినాలె. మాది కుమ్మైత్ రంగు, మంచి ఛాతీ. నొసట మాత్రం అశుభమనే సుడి ఉండె. దాని వల్లనే ఎవరూ కొనక మాకు సస్తాల దొరికింది. 'నహూసత్ జాన్వర్‌ల ఉండది, ఆద్మీ దిమాగ్‌ల ఉంటది' అని నవ్విండు అబ్బా.

తెచ్చినంక అసలు ఖర్చు. సాజ్ అంతా మోచీతోని కొత్తగ కుట్టించిండు: లగాం, దహానా, పక్క చూపు లేకుండ కండ్లకు అంధేరీ, మెడకు పట్టా, ఘుంగ్రూలు. తారు రోడ్డు మీద నాల్‌లు నెల, నెలన్నరకే అరిగేవి. నాల్‌బంద్ డెక్క చెక్కి మేకులు కొడుతుంటే కాలు పట్టుకునే డ్యూటీ నాది. పొద్దున ఖరారాతోని తోముడు. రాత్రి నానవెట్టిన ఉలవలు. మా పాలమూరు ఎర్ర చెల్కలల్ల ఉలవలకు కొదువ లేదు గానీ, కిరాయి రాని దినం అవి కూడ ఉద్దరే.

1986 రంజాన్ నడి ఎండకాలంల వచ్చింది. ఓ సాయంత్రం ఇఫ్తార్‌కు కొంచెం ముందట అబ్బా వచ్చిండు. గుర్రం చెమటతోని నురుగులు కక్కుతుంది. 'బేటా, పసీనా ఆరేదాక తిప్పు. తర్వాత కొన్ని నీళ్లు. దానా ఇషా తర్వాతనే' అని చెప్పి మజీద్‌కు ఉరికిండు. నాకు పదేండ్లు. దోస్తులు గల్లీల పిలుస్తున్నరు. తోబ్డా నిండ ఉలవలు పోసి మూతికి కట్టి, బకెట్ నిండ నీళ్లు పెట్టి పోయిన.

తరావీహ్ టైంకు గుర్రం మాటిమాటికి పక్కలకు తిరిగి చూసుకునుడు మొదలువెట్టింది. తర్వాత కింద పడి పొర్లుడు. గుర్రం కక్కలేదు, ఆవులెక్క నెమరేసుకోలేదు. కడుపుల పడ్డది కడుపులనే ఉబ్బాలె. అబ్బా రాత్రంతా దాన్ని లేపి తిప్పిండు, డాక్టర్ వచ్చి సూది కూడ వేసిండు. సహరీ కంటే ముందట ఒరిగింది, మళ్ల లేవలే.

తెల్లారి మొహల్లా అంత జమైంది. 'సుడి గుర్రం వద్దంటె విన్నవా?' అన్నరు పెద్దలు. అబ్బా ఖాళీ తోబ్డా చేతుల పట్టుకొని ఉన్నడు. నా దిక్కు చూడలే. 'హౌ భాయ్, సుడే' అన్నడు. తర్వాత దాన్ని కడిగి ఖూంటీకి తగిలించిండు.

మళ్ల గుర్రం కొనలే. కిరాయి ఆటో తోలిండు. 2009ల ఇంతెఖాల్ అయ్యేదాక ఆ మాట ఎత్తలే, నేనూ ఎత్తలే.

మా చిన్నోని గుర్రం కూడ నిన్న కొండ మీద నుంచి పడి సచ్చింది. పర్వాలేదట. ఆటల గుర్రాల దేవుడు ఉన్నడట. తౌబా, ఆ మాట అనకురా అన్న. ముందు వెయ్యి రూపాయలిస్తె సచ్చిన గుర్రాన్ని బతికిస్తడట.

'అబ్బా, ఆప్‌కా ఘోడా కైసే మరా?' అని అడిగిండు.

సుడి అనే మాట నాలుక మీదికొచ్చింది. మింగిన. తోబ్డా గురించి చెప్పిన, మొత్తం.

వాడు ఆట ఆపిండు. 'దాదాకు మాలూమ్ థా?'

'థా' అన్న.