కాంటెస్సా కంఠస్వరము

మా నాయనగారికి చూపు మందగించి ఆరు సంవత్సరములైనది. అప్పటినుండి నగర్తపేటలోని మా ఇంటి మేడమీద, వీధివైపు కిటికీకడ పేము కుర్చీ వేయించుకొని, దిగువ పోవు బండ్లను ధ్వనినిబట్టి గుర్తుపట్టుట వారికి నిత్యకృత్యమైనది. తెల్లవారుజామున పాలబండి, పది గంటలకు గుడ్డల బేళ్లు దించు గూడ్సు ఆటో, మధ్యాహ్నము వెండి దుకాణమువారి స్కూటరు, ఏది వచ్చినను ఆయన ముందుగా చెప్పుదురు. మేము తొంగిచూచి నిజమేనందుము. ఇన్ని బండ్లలో ఒక్కదాని రాకకొరకు మాత్రము ఆయన రాత్రులందు మేల్కొనియుందురు. అది మా కాంటెస్సా. వీధి మలుపు తిరిగి షెడ్డువైపు పోవునప్పుడు దాని గొంతు వినబడగానే, "బండి వచ్చిందే, సారు వెచ్చబెట్టు" అని మా అమ్మతో చెప్పి తాము పడక చేరుదురు. మేము షెడ్డునకు తాళమువేసి నడచి వచ్చులోపల విస్తరి సిద్ధమై యుండును. ఆ గొంతును మార్చబోయి మేము పడిన పాట్లే ఈ వ్యాసమునకు వస్తువు.

నగర్త వర్తకుల పేరు మోయుచున్న మా పేట, కెంపేగౌడ కట్టించిన పాత పట్టణములోనిది. ఇచ్చటి వీధులు ఎద్దుబండ్ల కాలపువి. ఒక ఆటో ముందుకు పోవలెనన్న ఎదుటి ఆటో వెనుకకు పోవలెను. మా తాతగారు హిందూపురమునుండి వచ్చి జవుళి అంగడి పెట్టిననాటినుండి మా ఇంట సైకిలును, తరువాత స్కూటరును తప్ప మరొక వాహనము లేదు. అట్టిచోటికి 1991లో నాయనగారు కాంటెస్సాను తెచ్చినప్పుడు, "ఏనుగును కొన్నావు సరే, ఎక్కడ కట్టేస్తావు నాయనా?" అని మా అవ్వ అడిగినది. ఆ ప్రశ్నకు సమాధానముగా నేటికిని రెండు వీధుల ఆవల ఒక షెడ్డునకు అద్దె చెల్లించుచున్నాము.

క్రొత్త తరమువారికొరకు ఆ కారును గూర్చి కొంత చెప్పవలెను. పశ్చిమబెంగాలులోని ఉత్తరపాడాలో హిందూస్థాన్ మోటార్స్ వారు 1984 నుండి 2002 వరకు దీనిని తయారుచేసిరి. దేహము ఇంగ్లండులోని వాక్స్‌హాల్ వారి నమూనా. మొదట లోపలి గుండె మాత్రము అంబాసిడరుది, 1489 సి.సి., సుమారు 50 అశ్వశక్తి. అంత దేహమునకు ఆ గుండె చాలలేదు. పిమ్మట జపానుదేశపు ఇసుజు వారి 1.8 లీటరు ఇంజను అమర్చి, ఐదు గేర్లిచ్చి, క్లాసిక్ అని పేరుపెట్టిరి. మాది అదియే. దాని బలము 88 అశ్వశక్తి. పొడుగైన బానెట్టును, ముందరి నాలుగు గుండ్రని దీపములను చూచి నేటి యువకులు దీనిని భారతదేశపు మజిల్ కారు అనుచున్నారు. అమెరికాలో 1964లో వెలువడిన పాంటియాక్ జి.టి.ఓ. వంటివానికి ఆ పేరు చెల్లును. ఎనిమిది సిలిండర్లు, మూడువందలకు పైబడిన అశ్వశక్తి వానివి. మన కాంటెస్సాను వాని సరసన నిలుపుట కలవారింటితో దూరపు చుట్టరికము కలుపుకొనుట వంటిది. అయినను మా కుమారుని ముచ్చటను కాదనలేకపోతిమి.

గత సంవత్సరము ధర్మరాయస్వామివారి కరగ ఉత్సవమునకు పక్షము దినములు ముందు, కారు అడుగున సైలెన్సరు చిల్లిపడి చెవులు గింగురుమనసాగెను. తుప్పు వెలుపలినుండి పట్టినదనుకొంటిమి; కాదు, లోపలినుండి తినివేసినది. ఒక లీటరు పెట్రోలు కాలినప్పుడు ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరియై పొగతో కలిసి బయటికి వచ్చునని మాకప్పుడే తెలిసినది. దూరప్రయాణములందు గొట్టము బాగుగా వేడెక్కి ఆ ఆవిరి వెడలిపోవును. మా బండియో, మార్కెట్టుకు, గుడికి, పెండ్లిండ్లకు తప్ప పోయెరుగదు. గొట్టము వేడెక్కక మునుపే ఇల్లు చేరుట; ఆవిరి నీరై సైలెన్సరు కడుపులో నిలుచుట; ఇట్లు ఏండ్లు గడచినవి. తక్కువ వాడినచో బండి ఎక్కువకాలము వచ్చునను మా లెక్క అంతటితో తప్పిపోయినది.

తయారీ నిలిచిపోయిన కారునకు అసలు సైలెన్సరు దొరకుట దుర్లభము. "ఎలాగూ మార్చాలి కదా నాన్నా, పర్ఫార్మెన్స్ ఎగ్జాస్ట్ వేయిద్దాం" అని మా కుమారుడు పట్టుబట్టెను. ఇంజను మొదలుకొని తోకవరకు మార్చవలెనట. కాగితముమీద లెక్కలు వేసి చూపెను. మాకును లోలోపల ఆశ కలుగకపోలేదు. ఆ మాట దాచనేల?

టౌన్‌హాలు దాటి, రవీంద్ర కళాక్షేత్రము దాటిన పిమ్మట జె.సి. రోడ్డు అంగళ్లలో మోటారు వాహనములకు సంబంధించి దొరకని వస్తువు అరుదు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము మాటలాడు మనకు అచ్చట ఉర్దూ, తమిళము కూడ కొంత కావలెను. మా అదృష్టమున మాకు దొరకిన వెల్డరు కోలారు ప్రాంతపు తెలుగువాడు, అరువది దాటినవాడు. మావాడు రెండున్నర అంగుళముల గొట్టము కావలెనని అడుగగా ఆయన నవ్వి, "ఇంత చిన్న ఇంజనుకు అంత పైపు ఎందుకు సామీ? రెండంగుళాలు దాటితే పొగకు వేగం పోతుంది, కింది గేర్లలో బండి లాగదు" అనెను.

ఈ మాటలోనే విద్య యంతయు ఉన్నది. పొగ పోవుటకు దారి ఎంత వెడల్పైన అంత మంచిదని సామాన్యులము తలంతుము. నిజమట్లు కాదు. ఒక సిలిండరునుండి పొగ గొట్టములోనికి దూకినప్పుడు దాని వెనుక ఒత్తిడి తగ్గును. ఆ తగ్గుదల సరియైన సమయమునకు ప్రక్క సిలిండరు తలుపుకడకు చేరినచో, అందలి పొగను కూడ లాగుకొనిపోవును. శుభ్రపడిన ఆ చోటికి క్రొత్త ఇంధనము నిండుగా వచ్చును. ఇందుకొరకే నాలుగు సిలిండర్లకు నాలుగు సమానమైన గొట్టములు పెట్టి, ఒకటవదానిని నాలుగవదానితో, రెండవదానిని మూడవదానితో జతచేసి, ఆ రెండింటిని మరల ఒకటిగా కలుపుదురు. పేలుడు వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు గనుక, ఇట్లు జతపడినవి ఒకదానికొకటి అడ్డురావు. దీనినే హెడ్డరు అందురు.

గొట్టములను వంచుట మరొక కళ. యంత్రముతో ఊరక నొక్కి వంచినచో వంపుకడ గొట్టము చదునై దారి ఇరుకగును. మా వెల్డరు గొట్టమునిండ ఎండిన ఇసుక కూరి, రెండు కొనలకు కొయ్య బిరడాలు కొట్టి, ఎఱ్ఱగా కాల్చి వంచెను. ఇసుకలో తడి ఏమాత్రమున్నను ఆవిరి పుట్టి బిరడా తుపాకిగుండువలె ఎగురునట; అందుచే ముందుగా పెనముమీద వేయించుకొనెను. ఆ సంగతి ఇంటికి వచ్చి చెప్పగా మా ప్రక్కింటి కంసాలి ఆచారిగారు ఆశ్చర్యపడలేదు. "బోలు గొట్టం వంచేటప్పుడు మేము లక్క నింపుతాం, తర్వాత వేడిచేసి కార్చేస్తాం. మీవాడిది ఇసుక, నాది లక్క, కాళికాంబ ఇద్దరికీ ఒకటే" అని తమ ఊదుగొట్టము నందుకొనిరి. మా పేటలోని కాళికాంబ గుడి విశ్వకర్మలదని వేరుగ చెప్పనక్కరలేదు.

బిగింపు పని మూడు దినములు పట్టెను. ముందటి రాత్రియే బోల్టులకు నూనె పోసి నానబెట్టినను, ఇంజనునకు మానిఫోల్డును పట్టియుంచిన స్టడ్డులు రెండు విరిగెను. వానిని తొలిచి తీయుటలో ఒక దినము గడచెను. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలు విప్పుట, మొదట చుక్కలుగా అతికి, కారు క్రిందికి దూరి, పెట్రోలు గొట్టమునకును బ్రేకు గొట్టమునకును తగినంత ఎడమున్నదా యని చూచి, పిమ్మటనే పూర్తిగా అతుకుట, నడుమనుండి అంచులవైపు నట్లు బిగించుకొని వచ్చుట, ఇవన్నియు ఆయన తొందరలేక చేసెను. ఇంజను ఊగునది, కారు దేహము ఊగనిది. రెండింటినడుమ గొట్టము పగులకుండుటకు రబ్బరు పట్టీలతో వ్రేలాడదీసెను. మన ఊరి రోడ్డు దిమ్మెలను తలచుకొని మావాడు కోరినదానికన్న రెండంగుళములు పైకి కట్టెను. కడపట తోక గొట్టమునకు గుడ్డ అడ్డుపెట్టి, అతుకులలో బుసబుస వినబడునేమో యని చెవియొగ్గెను. పొగ సులువుగా పోవుటచే పెట్రోలు పాలు చాలక ఇంజను వేడెక్కునని కార్బురేటరు జెట్టును ఒక కొలత పెద్దది వేసెను. మరునాడు స్పార్కు ప్లగ్గు విప్పి చూపించెను. తెల్లబడిన పెట్రోలు తక్కువ, మసిపట్టిన ఎక్కువ. మాది లేత గోధుమవన్నెలో ఉండెను. ఇంతటి శ్రద్ధ మా అంగడి లెక్కలయందు మాకు లేదు.

తోకకడ పెట్టిన సైలెన్సరు మాత్రము మావాడు కోరినదే. అసలుదానివలె అరలు, అడ్డుగోడలు లేవు. చిల్లుల గొట్టము ఒకటి సూటిగా పోవును. దానిచుట్టు గాజుఊలు చుట్టియుండును. పొగకు అడ్డులేదు, ధ్వనికిని అంతగా లేదు. "దీనివల్ల నాలుగైదు గుర్రాలు పెరిగితే మహాభాగ్యం సామీ, చప్పుడు మాత్రం నలభై గుర్రాలది" అని వెల్డరు ముందే హెచ్చరించెను. ఎంత ఖర్చైనదో ఇంట చెప్పలేదు గనుక ఇచ్చటను చెప్పము. ఈ సంచిక మా ఇంటికిని వచ్చును.

మైసూరు రోడ్డులో ప్రాతఃకాలమున నడపి చూచినప్పుడు, నిజము చెప్పవలెనన్న, మాకు ఇరువదియేండ్లు తగ్గినవి. మూడవ గేరులో కారు ఊపిరి తెలిసి లాగినది. కాని ఆ సుఖము అక్కడిదే. పేటలోనికి రాగానే ఇరుప్రక్కల గోడలు ఆ ధ్వనిని ఒకదానిమీదికొకటి విసరుకొనసాగెను. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములప్రకారము నివాసప్రాంతమున రాత్రి పది దాటిన 45 డెసిబెల్లులకు మించరాదు, వ్యాపారప్రాంతమునకు 55. మా వీధి పగలు వ్యాపారము, రాత్రి నివాసము. ఏ లెక్కన చూచినను మేము తప్పుచేసినవారమే. మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణప్రకారము శబ్దపు హద్దు మీరిన వాహనమును నడపువానికి పదివేల రూపాయలవరకు జరిమానా, మూడు నెలలవరకు కారాగారము కూడ కలవు. మావాడు దీనిని గూర్చి ముందు చెప్పలేదు, మేమును అడుగలేదు.

అయినను మమ్ము కదిలించినది చట్టము కాదు. ఒకనాటి రాత్రి మల్లేశ్వరములో పెండ్లి చూచుకొని, వర్షములో పదకొండు గంటలకు తిరిగివచ్చితిమి. విందు ఆలస్యమగుటచే భోజనము చేయకయే బయలుదేరితిమి. బండి షెడ్డులో పెట్టి ఇంటికి వచ్చుసరికి మేడమీద దీపము వెలుగుచుండెను. నాయనగారు కిటికీకడనే యున్నారు. చినుకులు పడి పంచె అంచు తడిసినది. అమ్మ ప్రక్కన నిలిచి, లోపలికి రమ్మని బ్రతిమాలుచున్నది. మా అడుగుల చప్పుడు విని ఆయన ఉలికిపడిరి.

"ఎప్పుడొచ్చావురా? దేంట్లో వచ్చావు?"

"మన బండిలోనే నాయనా."

"మన బండా? నాకు వినబడలేదే. ఏదో లారీ పోయింది గాని..." అని ఆగిరి. కొంతసేపటికి, "బండి నీదే, నీ ఇష్టం. నాకొక మాట చెప్పి మార్చాల్సింది" అని మాత్రమనిరి. ఆ రాత్రి సారు చల్లగనే తిని పడుకొంటిమి. సైలెన్సరు మార్చినామని ఇల్లంతయు ఎరుగును. ప్రతిరాత్రి దానికొరకు చెవియొగ్గు మనిషికి చెప్పవలెనని మాలో నొక్కరికిని తోచలేదు.

మావాడు మెట్లమీదనుండి అంతయు వినెను. మరునాడు మేము అడుగకయే, షెడ్డు మూలలో పారవేసిన పాత సైలెన్సరును ఆటోలో వేసుకొని జె.సి. రోడ్డునకు పోయెను. వెల్డరు దాని కడుపు కోసెను. తుప్పుపట్టిన రేకుల నడుమ మూడు అరలు, వానిలో ముందుకొకటి వెనుకకొకటిగా పొగను త్రిప్పు చిల్లుల గొట్టములు కనబడెను. ఆ అరల పొడవును, చిల్లుల లెక్కను మావాడు నోటుపుస్తకములో వ్రాసికొనెను. అవే కొలతలతో తుప్పుపట్టని ఉక్కు రేకున క్రొత్తదానిని కట్టించెను. నిలిచిన నీరు కారిపోవుటకు అడుగున సూదిబెజ్జమంత రంధ్రము కూడ పెట్టించెను. ముందరి హెడ్డరును మాత్రము ఉండనిచ్చితిమి. మూడవ గేరు సుఖము పూర్తిగ వదలుకొనుటకు మనసొప్పలేదు.

పని ముగిసిననాటి రాత్రి మావాడే బండి నడపుకొని వచ్చెను. మేము మేడమీద నాయనగారి ప్రక్కన కూర్చుండి, ఏమియు చెప్పకయుంటిమి. గూడ్సు ఆటో ఒకటి పోయెను, ఆయన కదలలేదు. మోటారు సైకిలు ఒకటి పోయెను. పిమ్మట మలుపుకడ లోతైన గొంతొకటి వినబడి, షెడ్డువైపు తిరిగెను. నాయనగారు తల ఒకప్రక్కకు వంచి, అది దూరమగువరకు వినిరి.

"మనదే. కొంచెం జలుబు చేసినట్టుంది" అనిరి. తరువాత కుర్చీ చేతులు పట్టుకొని లేచుచు, లోపలికి వినబడునట్లు, "బండి వచ్చిందే" అని కేకవేసిరి.