వేల్సు వాళ్ళ ఉన్ని బొంత

బొంత మనకు కొత్తేం కాదు. పాత చీరలు పరిచి అమ్మలు కుట్టేదే. బ్రిటన్‌లోని వేల్సు దేశంలో పూర్వం ఉన్నితో కుట్టేవారు. అక్కడ చలీ ఎక్కువే, గొర్రెలూ ఎక్కువే మరి!

పైబట్ట ఫ్లానెల్. ఎరుపు, నలుపు ముక్కలు కొన్ని పాత లంగాలవీ, చొక్కాలవీ. లోపల గొర్రె బొచ్చు, లేదంటే చిరిగిపోయిన కంబళి. పైబట్ట అరిగిన చోట అది బయటికి కనిపిస్తుంది. కుట్టు చూడాలంటే మాత్రం బొంతను తిరగెయ్యాలి. పైన రంగులే కళ్ళను లాగేస్తాయి. అడుగున ఒకే రంగు బట్ట ఉంటే నత్తగుల్ల చుట్టలు, ఆకులు, హార్టు గుర్తులు చక్కగా తేలతాయి. ప్రతి కుట్టూ మూడు పొరలూ దాటాలి. దళసరి ఉన్నిలో సూది అంత తేలిగ్గా దిగుతుందా?

రెక్సామ్ ఊరి దర్జీ జేమ్స్ విలియమ్స్ 1842 నుంచి 1852 దాకా కూర్చుని, 4,525 ఉన్ని ముక్కలు కలిపి ఒక దుప్పటి కుట్టాడు. అది మ్యూజియంలో ఉంది. ఆయన పేరూ నిలిచింది, మంచిదే. కానీ రైతుల ఇళ్ళకు పోయి, కొన్నాళ్ళు అక్కడే ఉండి, కూలికి బొంతలు కుట్టిన ఆడవాళ్ళూ ఉండేవారు. నాకైతే వాళ్ళ కుట్టే ఎక్కువ నచ్చింది. వాళ్ళలో చాలామంది పేర్లు బొంత నాలుగు మూలలా వెతికినా దొరకవు.