అమ్మ పేరు... బంగారు అక్షరాల్లో!

పెళ్లికార్డు చేతికి రాగానే ఎవరైనా మొదట చేసే పని ఒకటే. మెరిసే అక్షరాల మీద వేలితో రాసి చూడటం. ‘బంగారమేనా ఇది?’ అని పిల్లలు అడుగుతారు. కాదని పెద్దవాళ్లకు తెలుసు. మరి ఏమిటంటే మాత్రం చెప్పలేరు.

ఆయన చెప్పగలరు. హైదరాబాద్ పాతబస్తీలో పెళ్లికార్డులకు పేరుపడ్డ ఛత్తాబజార్ సందుల్లో, ఒక చిన్న ప్రెస్సులో ముప్పయ్యేళ్లుగా ఆయన పని అదే. కొన్ని వేల జంటల పేర్లకు మెరుపులద్దిన ఆ చేతులకు మొన్న సొంత కూతురి పెళ్లికార్డు పని పడింది.

‘వాట్సాప్‌ల పెడితే అందరికీ చేరుతది గదా నాన్నా, కార్డులకు ఉత్తగనే పైసలెందుకు?’ అంది కూతురు. ఆయన ఒప్పుకోలేదు. చివరికి యాభై కార్డులకు రాజీ కుదిరింది.

ఆయన పట్టుకు కారణం ఉంది. 1991లో జరిగిన ఆయన పెళ్లికి గులాబీరంగు కాగితం మీద ఎర్ర సిరాతో కార్డులు వేశారు. సీసం అక్షరాలతో కంపోజ్ చేసే రోజులవి. పెళ్లికూతురి పేరు చివరి ‘క్ష్మి’లో ఒత్తు అరిగిపోయి సగమే పడింది. ‘ప్రెస్సులో పనిచేస్తావ్, నా పేరు మాత్రం సక్కగ ఎయ్యలేదు’ అని ఆమె ఏళ్ల తరబడి నవ్వుతూ దెప్పేది. నాలుగేళ్ల క్రితం ఆమె కన్నుమూసింది. కూతురి కార్డు మీద ఆ పేరు బంగారంలో పడాలన్నది ఆయన కోరిక.

ఆయన అక్కకు అది నచ్చలేదు. ‘శుభకార్యం గదరా తమ్మీ! కీర్తిశేషులని బంగారంల ఎయ్యిస్తవా?’ అంది. ఆయన రెండు రోజులు ఆలోచించి ఓ దారి పట్టారు. ‘కీ.శే.’ అన్నది మామూలు మెరూన్ సిరాలో ఉంటుంది. దాని పక్కన పేరు మాత్రం బంగారంలో మెరుస్తుంది!

ఇంతకీ ఆ మెరుపు ఎక్కడిది? ఫాయిల్ చుట్టను చూస్తే ఒక్క పొరలానే ఉంటుంది. నిజానికి అందులో చాలా పొరలు. అన్నింటికీ ఆధారం 12 మైక్రాన్ల పాలిస్టర్ ఫిల్మ్. దాని కింద వేడి తగిలితే పట్టు వదిలేసే సన్నటి పొర, ఆ తర్వాత పసుపురంగు లక్క, దాని కింద అల్యూమినియం, అట్టడుగున జిగురు. గాలి తీసేసిన గదిలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి ఫిల్మ్ మీద పట్టిస్తారు. ఆ పొర మందం మైక్రాన్‌లో చిన్న వంతే. అద్దంలా మెరిసేది అల్యూమినియం, బంగారంలా కనిపించేలా చేసేది లక్క రంగు. బంగారం మాత్రం ఇసుమంతైనా ఉండదు!

అక్షరాలను మెగ్నీషియం, రాగి లేదా ఇత్తడి పలక మీద ఉబ్బెత్తుగా, తిరగేసి చెక్కిస్తారు. అదే బ్లాకు. మిషన్లో బిగించి వేడి చేస్తారు. మామూలుగా 100 నుంచి 150 డిగ్రీల దాకా. కార్డుకూ బ్లాకుకూ మధ్య ఫాయిల్ సాగుతుంటుంది. బ్లాకు నొక్కిన చోట మాత్రమే జిగురు కరిగి కాగితాన్ని పట్టుకుంటుంది, పైనున్న ఫిల్మ్ వదిలేస్తుంది. క్షణంలో పని పూర్తి. తడి ఉండదు, ఆరబెట్టక్కర్లేదు. పుస్తకాల అట్టలు, అత్తరు డబ్బాలు, మిఠాయి పెట్టెల మీది మెరుపు అక్షరాలకూ సాధారణంగా ఇదే పద్ధతి.

వినడానికి తేలికే. కిటుకంతా వేడి, ఒత్తిడి, నొక్కి ఉంచే సమయం... ఈ మూడింటి పొత్తులోనే ఉంది. వేడి తగ్గితే అక్షరం అక్కడక్కడా ఊడిపోతుంది. ఎక్కువైతే గుండ్రటి తెలుగు అక్షరాల మధ్య ఖాళీలు ఫాయిల్‌తో పూడిపోతాయి. ఇంగ్లీషు పెద్దక్షరాలకు సరిపోయిన వేడి మన ఒత్తులకు పనికిరాదు.

ఆ సాయంత్రం మిగతా పనివాళ్లు వెళ్లిపోయాక ఆయన మిషన్ ఆన్ చేశారు. సిరా పని ముందురోజే అయిపోయి కార్డులు బాగా ఆరాయి. మొదటి కార్డులో పేరు అర మిల్లీమీటరు జరిగి ‘కీ.శే.’ మీదకి ఎక్కింది. కార్డు ఆనే గైడ్లను సరిచేశారు. రెండో కార్డులో పేరు చోటుకి వచ్చింది గానీ, ‘క్ష్మి’ ఒత్తు ముద్దయింది. మళ్లీ అదే ఒత్తు! వేడి అయిదు డిగ్రీలు తగ్గించి, కాసేపు ఆగారు. మూడో కార్డులో ఒత్తు తేలింది కానీ తలకట్టు దగ్గర చిన్న గాటు. బ్లాకు వెనక ఆ చోట పల్చటి కాగితం ముక్క అతికించి ఒత్తిడి పెంచారు. నాలుగో కార్డు తీసి లైటు కింద అటూ ఇటూ వంచి చూశారు. ఒక్క గీత కూడా తగ్గలేదు.

ఆ కార్డుకు నాలుగు మూలలా పసుపు రాసి, ఇంట్లో దేవుడి పటాల పక్కనున్న ఆమె ఫొటో ముందు పెట్టారు. రాత్రి అక్క వచ్చి చూసింది. కళ్లజోడు పెట్టుకుని పేరు చదివింది. ఏమీ అనలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, తన వియ్యాలవారికి ఇవ్వడానికి నాలుగు కార్డులు అడిగి తీసుకుంది.

కూతురు మాత్రం మొదట సెల్‌ఫోనే తీసింది. నాలుగైదు ఫొటోలు కొట్టింది. ఎలా తీసినా అమ్మ పేరు మట్టిరంగులోనే పడుతోంది. చేతిలో పట్టుకుని కదిపితేనే ఆ మెరుపు! ఫోన్ పక్కన పెట్టేసింది.

‘బ్లాకు ఎట్లాగూ ఉంది గదా నాన్నా... ఇంకో వంద ఎయ్యరాదూ!’