పల్లి అంటే శెనక్కాయ కాదు

మెకానికల్ మూడో సంవత్సరం చదివేవాడు కొరియన్ నేర్చుకుంటున్నాడని తెలిస్తే హాస్టల్లో అందరూ అడిగేది ఒకటే: "ఏ డ్రామా చూసి చెడిపోయినావురా?" నిజం చెప్తున్నా, నేను ఇంతవరకు ఒక్క కే-డ్రామా కూడా పూర్తిగా చూడలేదు. మాది పెనుకొండ పక్కన పల్లె. అంతే కారణం.

కథ మీకు తెలిసిందే. 2017 ఏప్రిల్ 27న కియా వాళ్లతో ఒప్పందం అయింది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్లు చేసే ఫ్యాక్టరీ. 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్‌లోకి వచ్చింది. ఏడాది మొత్తం కురిసినా 550 మిల్లీమీటర్లు దాటడానికి కష్టపడే జిల్లాలో ఆ ఫ్యాక్టరీకి నీళ్లు గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి, అంటే హంద్రీ-నీవా కాలువలో వచ్చే కృష్ణా నీళ్లు. కాలువ వెంట నీళ్లు, హైవే వెంట కార్లు, వాటి వెనకాలే ఒక భాష. ఇడ్లీ హోటల్ పక్కనే గుండ్రాలు, గీతలతో కొరియన్ బోర్డులు లేచినాయి. మా జేజి వాటిని చూసి "ఇవేం ముగ్గులప్పా" అనింది.

ఆ ముగ్గులు నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది. గొప్ప కోసం చెప్పట్లేదు, ఆ లిపి అంత సుళువు. సెజోంగ్ అనే రాజు 1443లో తయారు చేయించి 1446లో ప్రకటించినాడు. మూల అక్షరాలు 24. హల్లునూ అచ్చునూ పక్కపక్కన పేర్చకుండా ఒకే గడిలో కూర్చోబెడతారు. గుణింతాలు దిద్దిన చేతికి అదేం కొత్త కాదు. వాళ్లకు 'ఫ' శబ్దం లేదు, కాబట్టి కాఫీని "కొపి" అంటారు. మా ఊర్లో అందరూ తాగేదీ కాపీనే. అదే ఇంగ్లీష్ మీడియం మిత్రుడు ఆ మాటకు నవ్వుతాడు.

వ్యాకరణం దగ్గరికొస్తే ఇంకా హాయి. "నానున్ హక్క్యోఏ గాయో" అంటే "నేను బడికి పోతాను". నానున్ నేను, హక్క్యో బడి, 'ఏ' మన 'కి', గాయో పోతాను. వరస అట్లే ఉంది చూడండి. ఇంగ్లీష్‌లో ఈ వాక్యం చెప్పాలంటే ముందు పోయి ఆ తర్వాత బడి వెతుక్కోవాలి. ఈ పోలిక చూసి 1905లోనే హల్బర్ట్ అనే అమెరికన్ కొరియన్‌నీ ద్రావిడ భాషల్నీ పోల్చి ఒక వ్యాకరణ పుస్తకం రాసినాడు. రెండూ ఒకే కుటుంబం అన్న మాటను ఇప్పటి భాషాశాస్త్రవేత్తలు ఒప్పుకోరు. యూట్యూబ్ వాళ్లు మాత్రం ఒప్పేసుకున్నారు. చుట్టరికం లేకపోయినా నాకు నష్టం లేదు, వాక్యం కలిసింది చాలు.

మర్యాదలూ మనవే. పెద్దవాళ్ల హోదాకు 'నిమ్' తగిలిస్తారు, మన 'గారు' లాగా. సెక్షన్ మేనేజర్ "క్వాజాంగ్‌నిమ్", డిపార్ట్‌మెంట్ పెద్ద "బుజాంగ్‌నిమ్". ఉత్త పేరు పెట్టి పిలిస్తే మొహం మాడిపోతుంది. మనకు అన్నను ఎవరు పిలిచినా అన్నే, వాళ్లకు అట్ల కాదు: తమ్ముడు పిలిస్తే హ్యోంగ్, చెల్లెలు పిలిస్తే ఒప్పా. మన క్లాస్‌లో కుర్రాళ్లు ఒకరినొకరు ఒప్పా అని పిలుచుకుంటున్నారు, దయచేసి మానేయండి.

ఫ్యాక్టరీల్లో అందరికీ తెలిసిన మాట ఇంకోటుంది: "ప్పల్లి ప్పల్లి". అంటే తొందరగా, తొందరగా. తెలంగాణ నుంచి వచ్చిన ఒక ఆపరేటర్ మొదటి వారం అది విని వీళ్లకు శెనక్కాయలంటే ఇంత పిచ్చా అనుకున్నాడంట. శెనక్కాయ పంట మీద బతికి, శెనక్కాయ పంట మీదే మునిగిన జిల్లాలో ఈ జోక్ బాగానే పేలుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. రెండో సంవత్సరం సెలవుల్లో ఒక విడిభాగాల కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేసినా. మా చిన్నాన్న కొడుకు, నాకంటే నాలుగేళ్లు పెద్ద, అక్కడే ప్రెస్ మెషీన్ మీద కాంట్రాక్ట్‌లో ఉండేవాడు. కొరియన్ క్వాజాంగ్ పక్కన ఢిల్లీలో కొరియన్ చదివి వచ్చిన ఇంటర్‌ప్రెటర్ అక్క ఉండేది. ఆమెకు కొరియన్, హిందీ, ఇంగ్లీష్ వచ్చు, తెలుగు రాదు. కాబట్టి అన్న మాట తెలుగులో సూపర్‌వైజర్‌కి, సూపర్‌వైజర్ నుంచి ఇంగ్లీష్‌లో అక్కకు, అక్క నుంచి కొరియన్‌లో ఆయనకు పోవాలి. మూడు కాలువలు దాటేసరికి ఎన్ని నీళ్లు మిగులుతాయో మన రైతుల్ని అడగండి.

ఒకరోజు అన్న "నిన్నట్నుంచి సౌండు తేడాగా ఉంది సార్" అన్నాడు. సూపర్‌వైజర్ దాన్ని "స్మాల్ ప్రాబ్లమ్" అని కుదించినాడు. అటునుంచి తిరిగొచ్చిన జవాబు "ప్పల్లి". రెండు గంటలకు డై పగిలింది, లైన్ ఆగింది. తప్పు మెషీన్ నడిపినోడిది అని రాసుకున్నారు. కాంట్రాక్టర్ మరుసటి రోజు నుంచి రావద్దన్నాడు. అన్నకు అప్పటికి పెళ్లయి ఆరు నెలలు, బండికి ఇంకా కంతులు ఉన్నాయి.

సాయంత్రం ఆ క్వాజాంగ్ అక్కను అడగడం విన్నా. ఆమె నాకు ఇంగ్లీష్‌లో చెప్పింది: నిన్నట్నుంచి శబ్దం వస్తుంటే ఎవరూ నాతో ఎందుకు చెప్పలేదు, అంటున్నాడంట. ఆయన మొహంలో కోపం కాదు, నిజంగానే అర్థంకాని తనం ఉంది. ఆ రోజుకు నాకు "అన్యోంగ్‌హసేయో" తప్ప ఒక్క ముక్క రాదు.

ఆ వాక్యం కొరియన్‌లో ఎట్లుంటుందో తర్వాత నేర్చుకున్నా: "ఒజెబుతొ సోరిగ ఇసాంగ్‌హేయో." ఒజె నిన్న, బుతొ నుంచి, సోరి శబ్దం, ఇసాంగ్‌హేయో తేడాగా ఉంది. మా అన్న తెలుగులో ఏ వరసలో చెప్పినాడో అదే వరస. మూడు మాటలు. ఒక ఉద్యోగం.

కాబట్టి "మూడు నెలల్లో బిజినెస్ కొరియన్" అనే ప్రకటనలు చూస్తే నాకు చిరాకు. విజిటింగ్ కార్డ్ రెండు చేతులతో ఇవ్వాలని నేర్పిస్తారు. మంచిదే. కానీ షాప్ ఫ్లోర్‌లో ఎవరి దగ్గరుంది కార్డు? అక్కడ కావాల్సింది నూనె కారుతోంది, వేడెక్కింది, ఆపండి. అవి నేను సొంత నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా. టోపిక్ పరీక్ష కూడా కట్టినా. కింది స్థాయి పేపర్ 200 మార్కులకు, 80 వస్తే ఒకటో లెవెల్, 140 వస్తే రెండు. నాకు రెండు వచ్చింది. ఇంటర్‌ప్రెటర్ పనికి అది ఎందుకూ చాలదు, పైన ఇంకో నాలుగున్నాయి.

రూమ్మేట్ చైనీస్ మొదలుపెట్టినాడు. వాడి లెక్క వాడిది, ఎలక్ట్రానిక్స్ అంతా అటే అంటాడు. రాత్రిళ్లు మాటలు సరిచూసుకుంటాం, ఎందుకంటే కొరియన్‌లో సగానికి పైగా మాటలు చైనా అక్షరాల నుంచి వచ్చినవే. భద్రత నాకు ఆన్‌జొన్, వాడికి ఆన్‌ఛ్యువాన్. సిద్ధపడటం నాకు జున్‌బి, వాడికి జున్‌బెయ్. మన తెలుగులో సంస్కృతం ఉన్నట్టు. స్వరాలు తప్పితే అర్థం మారే బాధ మాత్రం వాడొక్కడిదే.

అట్ల వెతుకుతుంటేనే ఒకటి దొరికింది. కియా పేరుకు కంపెనీ చెప్పే అర్థం ఆసియా నుంచి పైకి లేవడం. అదే ఉచ్చారణతో, అదే స్పెల్లింగ్‌తో కొరియన్‌లో ఇంకో మాట ఉంది: ఆకలి, కరువు. చైనా అక్షరాలు వేరు, వినడానికి ఒకటే. జేజికి చెప్తే నవ్వలేదు. 1952 కరువులో చిన్నపిల్లగా గంజి కేంద్రం దగ్గర చెంబు పట్టుకుని నిలబడిన మనిషి. "వాళ్లకూ కరువు తెలుసునా?" అనింది. తెలుసు జేజీ. పాత ధాన్యం అయిపోయి బార్లీ కోతకు రాని ఎండాకాలపు ముంగిలి రోజుల్ని వాళ్లు "బొరిత్‌కొగె" అంటారు, బార్లీ కనుమ అని. దాన్ని దాటడం కొండ దాటినంత కష్టం. కలిస్తే ముందు అడిగేది కూడా మనలాగే: "బప్ మొగొస్సొయో?" అన్నం తిన్న్యావా?

అన్న ఇప్పుడు ఇంకో కంపెనీలో ఉన్నాడు, ఇంకో కాంట్రాక్టర్ కింద. నా నోట్‌బుక్‌లోంచి వాక్యాలు తెలుగు అక్షరాల్లో టైప్ చేసి వాట్సాప్‌లో పంపుతుంటా. పన్నెండు నేర్చినాడు. పోయిన ఆదివారం ఫోన్ చేసి, "నాయనా, జీతం ఎప్పుడేస్తారు అనేది ఎట్లనాలో చెప్పు" అన్నాడు.

"దానికి కొరియన్ అక్కర్లేదన్నా," అన్నా. "కాంట్రాక్టర్ మన ధర్మవరమోడే."