మంచు మిషను ముందు మన చెయ్యి

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తున్నామనగానే మన ఆడవాళ్ళకి సలహాలకి కొదవుండదు. ఆవకాయ నూనె కారకుండా ఎలా కట్టుకోవాలో ఒకరు చెబుతారు. బాలింతకి శొంఠి, వాము, మిరియాలు దంచి పొట్లాలు కట్టుకోమని ఇంకొకరు చెబుతారు. మా ఇచ్ఛాపురం నుంచి బయల్దేరేవాళ్ళకైతే పలాస జీడిపప్పు రెండు కేజీలు పెట్టెలో లేకపోతే ప్రయాణమే లేదు. ఇవన్నీ మంచి మాటలే. కానీ చలికాలంలో మంచు పడే ఊరికి వెళ్ళే తల్లికి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. అది ఆ ఇంటి కారు షెడ్డులో ఓ మూల నిలబడి ఉండే మిషను సంగతి.

దాన్ని స్నో బ్లోయర్ అంటారు, స్నో త్రోయర్ అని కూడా అంటారు. వాకిట్లో పేరుకున్న మంచుని తవ్వి గొట్టంలోంచి దూరంగా విసిరేసే మిషను. "గ్యాస్‌తో నడుస్తుంది" అని పిల్లలు అంటే మన వంటింటి సిలిండరు కాదు సుమండీ, అక్కడ పెట్రోలుని గ్యాస్ అంటారు.

మా అమ్మాయి రెండో కాన్పుకని 2022 నవంబరులో మినియాపొలిస్ వెళ్ళాను. ఆ చలికాలం మొత్తం మీద ఆ ఊళ్ళో 90 అంగుళాలు, అంటే ఏడున్నర అడుగుల మంచు పడింది. ఒక్కసారే కాదు లెండి, విడతలు విడతలుగా. తెల్లవారి తలుపు తీస్తే నౌపడ ఉప్పు మళ్ళ దగ్గర కుప్పలు పోసినట్టు ఎటు చూసినా తెలుపే. చూడ్డానికి అందమే. కానీ ఆ తెలుపు కింద కారు దారి మూసుకుపోయి ఉంటుంది. రోడ్డు మీద మంచు తీసే లారీ వచ్చి వెళ్ళిందంటే, మన వాకిలి మొదట్లో ఇంకో గట్టు వేసి పోతుంది. మినియాపొలిస్ నగరంలో మంచు ఆగిన 24 గంటల్లోగా ఇంటి ముందు కాలిబాటని ఇంటివాళ్ళే శుభ్రం చెయ్యాలని రూలు కూడా ఉంది. అన్నిటికీ మించి, మా ఇంట్లో నెలలు నిండిన పిల్ల ఉంది. నొప్పులు ఏ రాత్రి వస్తాయో తెలీదు. దారి తెరిచి లేకపోతే ఆసుపత్రికి ఎలా వెళ్తాం? అందుకే ఆ మిషను మా ఇంట్లో మంచినీళ్ళ బిందెంత ముఖ్యమైపోయింది.

కెనడాలోని క్యుబెక్‌కి చెందిన ఆర్థర్ సికార్డ్ అనే ఆయన 1925లో మంచు విసిరే బండి తయారుచేశాడు. పొలంలో పంట నూర్చే మిషన్ని చూసి ఆయనకా ఆలోచన వచ్చిందట. వెనక నడుస్తూ తోసుకునే చిన్న మిషన్లు 1950ల్లో ఇళ్ళకి వచ్చాయి. మా అల్లుడిది అలాంటిదే. ముందు వెడల్పాటి నోరు. ఆ నోట్లో ఇనుప పట్టీని మెలితిప్పినట్టుండే పెద్ద స్క్రూ. అది గిర్రున తిరిగి మంచుని లోపలికి లాగుతుంది. వెనక ఫ్యాను రెక్కల్లాంటి చక్రం ఆ మంచుని అందుకుని పై గొట్టంలోంచి విసురుతుంది. పట్టుకునే చోట రెండు పిడులుంటాయి. ఒకటి నొక్కితే చక్రాలు కదులుతాయి, రెండోది నొక్కితే స్క్రూ తిరుగుతుంది. వదిలేస్తే ఆగాలి. చెయ్యి నొప్పి పుడుతోందని కొందరు ఆ పిడికి తాడు కట్టేస్తారట. కుక్కరు సేఫ్టీ వాల్వుకి గుడ్డ కుక్కినట్టే ఇది.

జనవరి మొదటివారంలో పెద్ద మంచు పడింది. పొడి మంచయితే దూదిలా ఎగిరిపోతుంది. చలి కాస్త తగ్గి సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చినప్పుడు పడేది తడి మంచు. అది నానబెట్టిన అటుకుల ముద్దలా గొట్టంలో అతుక్కుపోతుంది. రెండు వీధుల అవతల మన తెలుగువాళ్ళ కుటుంబం ఒకటుంది. ఆ ఇంటాయన మిషన్లో మంచు ఇరుక్కుంటే ఇంజిను ఆపి, గొట్టంలో చెయ్యి పెట్టాడు. కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోయాయి.

వాళ్ళింటికి చారు, కూర పట్టుకుని వెళ్ళాం. ఆయన కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని ఒకటే మాట అంటున్నాడు, "ఆపే పెట్టానండీ చెయ్యి. ఆపే పెట్టాను." ఆయన భార్య ఒక చేత్తో పసివాణ్ణి ఎత్తుకుని, ఇంకో చేత్తో ఆయనకి అన్నం కలిపి పెడుతోంది. చదువుకున్న మనిషి, జాగ్రత్త గల మనిషి. తిరుగుతున్న మిషన్లో చెయ్యి పెట్టలేదు. మరి ఎలా జరిగింది?

అదే అందరూ తెలుసుకోవాల్సిన సంగతి. మంచు గట్టిగా ఇరుక్కున్నప్పుడు ఆ స్క్రూ, ఆ చక్రం తిరగాలని బిగిసి ఉంటాయి. ఇంజిను ఆగిపోయినా ఆ బిగువు లోపలే ఉండిపోవచ్చు. వేళ్ళతో ముద్దని కదిలించగానే, మెలిపెట్టి పట్టుకున్న తాడు వదిలితే తిరిగినట్టు, ఆ రెక్క ఒక్కసారి గిర్రున తిరుగుతుంది. ఆ ఒక్క తిరుగు చాలు. మందపాటి గ్లౌజులు చలిని ఆపుతాయి గానీ ఇనుప రెక్కని ఆపవు. అమెరికాలో ఏటా వేలమంది ఈ మిషన్ల వల్ల దెబ్బలు తగిలి ఆసుపత్రులకి వెళ్తారు. వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళలో తక్కువేం కాదు.

మన మిక్సీలో పచ్చికొబ్బరి ఇరుక్కుంటే ఏం చేస్తాం? స్విచ్చి ఆపుతాం, ప్లగ్గు పీకుతాం, జారు దించి గరిటె కాడతో కదుపుతాం. ఇక్కడా అంతే. పిడులు వదిలి, ఇంజిను ఆపాలి. తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. లోపల అన్నీ నిలిచిపోయేదాకా ఆగాలి. ఆ తర్వాత కర్రతో పొడిచి మంచు తియ్యాలి. చెయ్యి మాత్రం పెట్టకూడదు, ఆగినా పెట్టకూడదు. ఇప్పుడు చాలా మిషన్లకి ఆ కర్ర కూడా తగిలించే ఇస్తున్నారు. ప్లాస్టిక్‌ది, మూరెడు పొడుగు. ఆయన మిషనుకీ ఉంది.

పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళని చూసినవాళ్ళకి చేతుల విలువ వేరే చెప్పక్కర్లేదు. జీడి సొన అంటితే చర్మం కాలిపోతుంది. పనిలో కూర్చునేముందు చేతులకి రక్షణగా ఏదో ఒకటి రాసుకోకుండా పిక్క ముట్టుకోరు. ఎన్నేళ్ళ అనుభవం ఉన్నా, ఎంత తొందరున్నా అది తప్పదు. మంచు మిషను దగ్గర కావాల్సిందీ ఆ పద్ధతే.

ఇంటికొచ్చాక అల్లుడితో ఈ మాట ఎలా చెప్పడం? మా వైపు అత్తగారు అల్లుడికి ఎదురుపడి సలహాలివ్వడం అంత అలవాటు లేదు. అమ్మాయితో అన్నాను, "ఏటే, మీ మిషనుకి కర్ర ఉందా?"

"ఉందమ్మా. నువ్వే అడగొచ్చు కదా."

"బాగోదే. నువ్వే అడుగు. ఉంటే ఎక్కడుందో సూపించమను."

అల్లుడు విని నవ్వాడు. "అత్తయ్యా, నేనెప్పుడూ చెయ్యి పెట్టను" అన్నాడు. కర్ర మాత్రం షెడ్డులో దొరకలేదు. మంచులో ఎప్పుడో పడిపోయినట్టుంది. అప్పుడిక మొహమాటం వదిలేశాను. "బాబూ, కర్ర దగ్గర లేనప్పుడే చెయ్యి ముందుకెళ్తాది. అవతలి ఇంటాయన కూడా పెట్టనన్నవాడే గదా" అన్నాను. ఆ సాయంత్రమే పాత చీపురు కర్ర ఒకటి రెండడుగులకి కోసి, దాని చివర ఎర్రగుడ్డ చుట్టి, మిషను పిడికి కట్టాడు. ఎర్రగుడ్డ ఎందుకంటే మంచులో పడినా కనపడుతుందని.

ఇంకో ప్రమాదం కంటికి కనపడనిది. అక్కడ కారు షెడ్డు ఇంటిని ఆనుకునే ఉంటుంది, తలుపు తీస్తే వంటిల్లే. బయట చలి కదా అని షెడ్డులోనే ఇంజిను స్టార్ట్ చేసి వేడెక్కనిస్తారు కొందరు. పెట్రోలు ఇంజిను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. పీల్చినవాళ్ళకి ముందు తలనొప్పి, తల తిరుగుడు, వికారం. నిద్రలో ఉన్నవాళ్ళకి అదీ తెలీదు, లేవకుండానే ప్రాణం పోతుంది. షెడ్డు తలుపు పైకెత్తే ఉంది కదా అంటే చాలదు. మిషన్ని బయటికి తోసుకెళ్ళాకే స్టార్ట్ చెయ్యాలి. ఆ వాయువు చేరితే మోగే చిన్న అలారం పెట్టెలు దొరుకుతాయి. పడకగదుల దగ్గర ఒకటి ఉందో లేదో, దాని బ్యాటరీ పనిచేస్తోందో లేదో అడిగి తెలుసుకోండి. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఇది మరీ అవసరం.

ఈ మాట మన ఉద్దానం వాళ్ళకీ పనికొస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలమట్టమయ్యాయి. ఎన్నో ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు అద్దెకో అప్పుకో జనరేటరు తెచ్చుకుంటాం. వాన పడుతోందని దాన్ని వసారాలోనో గదిలోనో పెట్టి కిటికీలు మూసుకోకూడదు. మంచు మిషనైనా జనరేటరైనా పొగ ఒకటే.

ఇక ఇంట్లో ఉన్న మనం చూసుకోవాల్సినవి. మంచు పడేముందే వాకిట్లో కాళ్ళ పట్టా, పిల్లల బొమ్మలు, పేపరు, తీగలు తీసేయాలి. మంచు కింద కనపడక మిషన్లోకి పోతాయి. రాయిని కూడా ఆ గొట్టం బలంగా విసురుతుంది. అందుకే గొట్టం తిరిగివున్న వైపు మనిషిగానీ కారుగానీ కిటికీగానీ ఉండకూడదు. మిషను నడుస్తున్నంతసేపూ పిల్లలు లోపలే ఉండాలి. టీ గ్లాసు పట్టుకుని కొంగో, చున్నీయో, శాలువో వేలాడుతూ దగ్గరికి వెళ్ళకండి. ఆ స్క్రూకి గుడ్డ అందితే మనిషిని లాగేస్తుంది.

మా వారు రిటైరైన మాస్టారు, ఊరికే కూర్చోలేరు. పార పట్టుకుని బయల్దేరబోతే నేనే ఆపాను. గడ్డకట్టే చలిలో బరువైన మంచు ఎత్తడం గుండెకి పెద్ద శ్రమ. వయసు మళ్ళినవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు ఆ సరదాకి పోకపోవడమే మంచిది.

మిషను పోషణ కూడా వంటింటి సామాను లాంటిదే. ఇంజిను చల్లగా ఉన్నప్పుడే, ఆరుబయటే పెట్రోలు పొయ్యాలి. వేడి ఇంజిను మీద చుక్క పడితే భగ్గుమంటుంది. పని మధ్యలో అయిపోతే చల్లారేదాకా ఆగాల్సిందే. ఆయిలు చూసుకోవాలి, చలికి గడ్డకట్టని రకమే వాడాలి. స్క్రూకి రెండు పక్కలా చిన్న మేకుల్లాంటివి ఉంటాయి, షియర్ పిన్నులంటారు. రాయో గడ్డో అడ్డుపడితే ముందు అవే విరిగి, లోపలి గేర్లని కాపాడతాయి. విరిగితే అదే రకం పిన్ను వెయ్యాలి. గట్టిగా ఉంటుందని మామూలు బోల్టు బిగిస్తే, ఫ్యూజులో సన్న తీగ బదులు లావు తీగ వేసినట్టే. చలికాలం అయిపోయాక ట్యాంకులో పెట్రోలు అలా వదిలెయ్యకూడదు. నెలల తరబడి నిలవుంటే పాతనూనెలా జిడ్డుకట్టి, వచ్చే ఏడు అవసరానికి ఇంజిను స్టార్ట్ కాదు. తీసెయ్యాలి, లేదా నిలవ ఉండే మందు కలిపి కాసేపు నడిపి ఆపాలి.

మా అమ్మాయికి నొప్పులు తెల్లవారుజాము నాలుగింటికి వచ్చాయి. ఆ రాత్రంతా మంచు పడుతూనే ఉంది. అల్లుడు మిషను బయటికి తోసుకెళ్ళాడు. సగం దారి అయ్యేసరికి గొట్టం మూసుకుపోయింది. నేను కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను. లోపల అమ్మాయి మూలుగుతోంది. అంతకన్నా తొందర ఇంకేం ఉంటుంది? అయినా అతను ఇంజిను ఆపాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. కదలకుండా నిలబడ్డాడు. ఆ నిలబడింది అరనిమిషమో ఏమో గానీ నాకు అరగంటలా అనిపించింది. తర్వాత ఎర్రగుడ్డ కర్ర తీశాడు. తెల్లారి మా మనవరాలు పుట్టినప్పుడు, ఆమెని అందుకున్న ఆ రెండు చేతులకీ పది వేళ్ళూ ఉన్నాయి. ఏడుకొండలవాడి దయ అనుకున్నాను, కర్ర దయ కూడా అనుకున్నాను.

మన దగ్గర మంచు పడదు. కానీ కొబ్బరితోటల్లో గడ్డి కోసే మిషన్లు వచ్చాయి, తుఫాను తర్వాత చెట్లు కోసే పెట్రోలు రంపాలు వచ్చాయి, సంతలో చెరుకురసం మిషన్లున్నాయి. తిరిగే ఇనుము ఏదైనా, అందులో ఏది ఇరుక్కున్నా, ఆపడం ఒక పని, ఆగిందో లేదో చూడ్డం రెండో పని, చెయ్యికి బదులు కర్ర పెట్టడం మూడో పని. ఈ మూడూ వరసగా జరగాలి.

మంచు ఊళ్ళలో పిల్లలున్న తల్లులు డిసెంబరులో ఫోను చేసినప్పుడు తిన్నారా, పడుకున్నారా అని ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు "మిషను కర్ర ఎక్కడుంది?" అని కూడా అడగండి. నవ్వితే నవ్వనివ్వండి. వెళ్ళి చూసి వచ్చి చెప్పేదాకా ఫోను పెట్టెయ్యకండి.